పదకొండో నెల పడ్డకాన్నుంచి రాత్రంత జాగారమే, మీ ఇండ్లల్ల ఎట్ల?

పానగల్లు_కోడలు
మా బాబుకు పది నెలల ఇరవై రోజులు. మొన్నటిదాక రాత్రికి ఒకటి రెండుసార్లు లేచేటోడు, పాలు తాపితే మల్ల పండుకునేటోడు. మూడు వారాల నుంచి గంటకోసారి లేస్తుండు. రాత్రి గడియారం చూసుకుంట లెక్కపెట్టిన: 11, 12:10, 1:05, 2:00, 2:50. ఆ తర్వాత లెక్కపెట్టుడు బంద్ చేసిన. పొద్దుగాల బ్యాంకు కౌంటర్ల కూసోవాలె. నిన్న ఒక పెద్దాయన ఐదు వేలు అడిగితె యాభై వేలు లెక్కపెడ్తున్న. ఆయనే "జర చూస్కో బిడ్డా" అన్నడు.

ఇంకో సంగతి. వీడు అంబాడుతలేడు. కూసొని ఒక చెయ్యి నేలకు ఆనించి, తెడ్డేసినట్టు పిర్రల మీద జరుగుతడు. మంచం కోడు పట్టుకొని మాత్రం నిలవడ్తడు. మా తోటికోడలు బిడ్డ సరిగ్గ పది నెలలకు నడిచింది. ఉగాదికి అందరం కలిసినప్పుడు ఇగ చూడాలె, "అయ్యో, వీడింక అంబాడనే లేదా" అని ఒక్కొక్కరు. అత్తమ్మ దిష్టి అంటది. మా అమ్మ పండ్లొస్తున్నయి అంటది. మా ఆయన "వస్తది తియ్" అని అటు తిరిగి గురక పెడ్తడు. దవాఖానకు పోవాల్నా, ఆగాల్నా?

మిర్యాలగూడ_మామ
అటు తిరగంగనే గురకొచ్చే మందు ఏందో మీ ఆయన్ని అడిగి జెప్పున్రి. మిగిలిన సంగతులు తర్వాత.

నకిరేకల్_నిమ్మకాయ
మా అన్న 16 నెలలకు నడిచిండంట, మా అవ్వ ఇప్పటికీ చెప్తది. ఇప్పుడు బస్సు కండక్టరు. దినమంత నిలవడే ఉంటడు.

జడ్చర్ల_డాడీ
అంబాడుడు మీద నేను మా పాపప్పుడు మస్తు పరేషానైన, అందుకే చెప్తున్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లలను నెలనెలా చూసి 2006ల లెక్కలు అచ్చేసింది. మన ఢిల్లీ పిల్లలు గూడ అందుల ఉన్నరు. ఎవ్వరి ఆసరా లేకుండ నడుసుడు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాక ఎప్పుడన్న రావొచ్చు. ఏమీ పట్టుకోకుండ నిలవడుడు 6.9 నుంచి 16.9. మోకాళ్ళ మీద అంబాడుడు 5.2 నుంచి 13.5. నూటికి నలుగురు పిల్లలైతే అట్ల అంబాడనే లేదు, సీదా లేచి నడిచిన్రు. అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 2022ల వాళ్ళ జాబితా తిరగరాసి అంబాడుడును మొత్తానికే తీసేసిన్రు.

మీ తోటికోడలు బిడ్డ ఆ గీతకు ఈ కొసన ఉన్నది, మీవాడు నడిమిట్ల ఉన్నడు. గంతే.

నిద్ర లెక్క: 4 నుంచి 11 నెలల పిల్లలకు పగటి కునుకులు కలిపి దినానికి 12 నుంచి 16 గంటలు. ఏడాది దాటినంక 11 నుంచి 14. మా పాపది నేను ఎక్సెల్ల ఆరు నెలలు రాసిన. కావాల్నంటే పంపుత.

మిర్యాలగూడ_మామ
పిల్లను సాకినవా అన్నా, ఆడిట్ చేసినవా?

జడ్చర్ల_డాడీ
మా ఆవిడ గూడ గదే అడిగింది.

పాలమూరు_పెద్దమ్మ
నేను చెప్తాంటె నా మనుమరాలు ఫోన్ల టైపు కొడ్తుంది. మాది మక్తల్ దిక్కు. కొడుకు కోడలు బొంబాయిల బిల్డింగు పనికి పోతరు. ముగ్గురు మనుమలను నేనే సాకిన. నడిపోడు గిట్లనే పిర్రల మీద జరిగిండు, చెడ్డీలన్ని అరిగిపోయినయి, పద్నాలుగో నెలల లేచి నడిచిండు. అడుగులకు అరిసెలు పోసినమా, ఇగ పట్టుకుంటే దొరకలే. ఏం గాదు బిడ్డా. పొద్దుమూకినంక ఉప్పు మిరపకాయ దిగదుడువు. వస అరగదీసి తేనెల రంగరించి నాలుకకు రాయి, కడుపు సల్లగుంటది, మాటలు గూడ దెబ్బన వస్తయి.

దేవరకొండ_ఏఎన్ఎం
పెద్దమ్మా, దిగదుడుసుడుకు నేను అడ్డం రాను. తేనె మాత్రం ఏడాది నిండేదాక చుక్క గూడ వద్దు. పెద్దోళ్ళ కడుపుల ఏమీ చెయ్యని విత్తనం ఒకటి దాంట్ల ఉంటది, పసిపిల్లల పేగుల్ల అది మొలిచి విషం పుట్టిస్తది. నరాలు వట్టిపోతయి, ఊపిరి గూడ ఆడదు. అరుదే, కాని వస్తే మామూలుగ ఉండది. వస గూడ వద్దు, ఎంత అరిగింది ఎంత పోసినం అని కొలత లేదు దానికి.

పానగల్లు చెల్లె, నువ్వు నాలుగు సంగతులు చెప్పలే. వాన్ని ఎక్కడ పండబెడ్తున్నవు? లేచినంక ఏడుస్తడా, ఏమన్న చేస్తడా? పగలు ఎన్ని కునుకులు తీస్తడు, ఆఖరిది ఎన్నింటికి లేస్తడు? ఐరన్ సిరప్ పోస్తున్నవా?

పానగల్లు_కోడలు
అక్కా, చీర తొట్టెలల. ఇంట్ల దూలానికి కట్టిన్రు, పుట్టిన పదకొండో రోజు నుంచి అందులనే. నేను ఊపుతనే నిద్ర. లేవంగనే ఏడ్వడు, ముందు చీర అంచు పట్టుకొని నిలవడ్తడు. మొన్న తల బయట పెట్టి నవ్వుతుంటే ఫోటో గూడ తీసిన. తర్వాత ఎట్ల కూసోవాల్నో తెల్వక ఏడుస్తడు. పగలు నేను బ్యాంకుల ఉంట, అత్తమ్మ దగ్గర మాపటి ఐదున్నర ఆరు దాక పండుకుంటడంట. సిరప్ ఆశా అక్క ఇచ్చింది, రెండుసార్లు పోస్తే దొడ్డికి నల్లగ పోయిండని అత్తమ్మ పక్కకు పెట్టింది.

దేవరకొండ_ఏఎన్ఎం
ఆ ఫోటో తీసిన రోజే తొట్టెల విప్పాల్సింది చెల్లె. కోపంతోని అంటలేను, భయంతోని అంటున్న.

పిల్ల బోర్లపడి, కూసొని, పట్టుకొని లేసే రోజొచ్చిందంటే చీర తొట్టెలకు కాలం చెల్లింది. లేసి నిలవడితే బరువంత ఒక దిక్కు పడ్తది, చీర తిరగబడ్తది. తలకాయ మడతల్ల ఇరుక్కుంటే ఒర్రుటానికి గూడ గొంతు రాదు. నేను పనిచేసే ఊర్లల్ల అసొంటి సావు ఒకటి చూసిన, ఎక్కడో చెప్పను. ఈ రాత్రే విప్పు. కింద పరుపు గట్టిదేసి, బొంతలు దిండ్లు లేకుండ, దోమతెర గట్టి, ఎల్లెలకల పండబెట్టు. వానంతట వాడు బోర్లపడితే పడనియ్.

ఇగ నీ గంటగంటకు లేసుడు సంగతి. రాత్రి ఎవ్వరం ఒక్క దమ్ముల పండుకోం. పెద్దోళ్ళం గూడ మెలకువై, పక్కకు జరిగి మల్ల పండుకుంటం, పొద్దుగాల యాదికుండదు. సంటోళ్ళకు ఆ మెలకువ సుమారు గంటకోసారి వస్తది, నువ్వు రాసిన టైములు చూడు. మెలకువొచ్చినప్పుడు పండుకునేటప్పుడు ఉన్నదే కావాల్నంటరు. ఊపుతుంటే పండుకున్నోడు ఊపే చెయ్యి ఏదని చూస్తడు. దానికి తోడు ఇప్పుడు కొత్త విద్యొచ్చింది, నిలవడుడు. సైకిలు కొత్తగ నేర్సుకున్న పోరడు అర్ధరాత్రి గూడ తొక్కుతనంటడు సూడు, గట్ల. లేసుడొచ్చింది, కూసునుడు రాలే. పగటిపూట పది ఇరవైసార్లు, నిలవడ్డోన్ని మోకాళ్ళు మడిచి మెల్లగ కూసోబెట్టుడు ఆటలెక్క ఆడిపియ్యి. కూసునుడు ఒస్తే సగం ఏడుపు తగ్గుతది.

మాపటి కునుకు నాలుగింటికి ముందే ముగియ్యాలె. నీ మీద ప్రేమ కంటె ఆ ఆరింటి నిద్రే వాన్ని పదకొండు దాక మేల్కొల్పుతంది.

ఐరన్ ఆపకున్రి. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు, ఐదేండ్లు నిండేదాక. దొడ్డి నల్లగ వచ్చుడు మామూలే. మన రాష్ట్రంల ఐదేండ్ల లోపల పిల్లల్ల పదిమందికి ఏడుగురికి రక్తం తక్కువుందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తేలింది. రక్తం తక్కువున్న పిల్ల రాత్రి మెసులుతనే ఉంటది, పగలు సిడిముడి చేస్తది. పాలతోని కలిపి పోయకు, గంట ఎడం పెట్టు.

మిర్యాలగూడ_మామ
సైకిలు మాట నిజం. నేను నేర్సుకున్నప్పుడు నిద్రల తొక్కి మా తమ్మున్ని మంచం మీదికెల్లి కింద పడేసిన.

కోదాడ_కొత్తమ్మ
ఇయ్యన్ని చదువుతుంటె నా అదృష్టం నాకు తెలుస్తంది. మా పాపకు 13 నెలలు. రాత్రి ఎనిమిదింటికి పండుకుంటే పొద్దున ఏడింటికే లేసుడు. మొన్న ఇంటిముంగట పెండ్లి బరాత్ పోయింది, డీజే మోగింది, ఇంట్ల అద్దాలు కదిలినయి, ఇది మాత్రం కదల్లే.

నకిరేకల్_నిమ్మకాయ
జర మీ పాపతోని మా బుడ్డదానికి ట్యూషన్ చెప్పియ్యున్రి.

పానగల్లు_కోడలు
దిష్టి మీ పాపకు తియ్యాలె ముందు.

మిర్యాలగూడ_మామ
మా ఇల్లు రైసు మిల్లు వెనకాల. మా పోరడు మిల్లు సప్పుడుకు అలవాటు పడ్డడు. మిల్లు బంద్ అయిన రోజే లేచి ఏడుస్తడు. మా ఆవిడ మిల్లు ఓనరుకు ఫోన్ చేస్తనన్నది, నేనే ఆపిన.

జడ్చర్ల_డాడీ
తొట్టెల తీసినంక ఎట్ల పండబెట్టాల్నో అడుగుతరు కాబట్టి: మేము ఏడ్వనిచ్చే పద్ధతి పట్టినం. పండబెట్టి బయటికొచ్చుడు, మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, పది నిమిషాలు ఆగి పోయి వీపు తట్టి వచ్చుడు. నాలుగో రాత్రికి పాప తనంతట తనే పండుకుంది.

పాలమూరు_పెద్దమ్మ
పది నిమిషాలు ఏడ్వనిస్తరా? గొడ్డును గట్టేస్తే గూడ అంతసేపు ఒర్రనియ్యం కదరా.

పానగల్లు_కోడలు
అన్నా, మీ ఇంట్ల ముగ్గురే ఉంటరేమో. మా ఇంట్ల వాడు రెండు నిమిషాలు ఏడిస్తే అత్తమ్మ లేస్తది, మామయ్య దగ్గుతడు, పక్కింటి పిన్ని గోడమీదికెల్లి "ఏమైందే" అంటది. ఐదో నిమిషానికి మా ఆడబిడ్డ హైదరాబాదు నుంచి ఫోన్ చేస్తది.

జడ్చర్ల_డాడీ
అందరికి కుదరదు, ఒప్పుకుంట. మాది అపార్ట్‌మెంటు, కింది ఫ్లాటాయన లిఫ్టుల మాట్లాడుడు బంద్ చేసిండు.

దేవరకొండ_ఏఎన్ఎం
రెండిట్ల ఏదీ తప్పుగాదు, ఇంటిని బట్టి. ఏడ్వనియ్యనోళ్ళకు నెమ్మది దారి ఉన్నది. మొదటి వారం సంకన ఊపి, కండ్లు మూతలు పడంగనే కాకుండ జర మెలకువున్నప్పుడే పరుపు మీద దింపు, చెయ్యి ఛాతి మీద పెట్టి జోకొట్టు. రెండో వారం జోకొట్టుడు తగ్గించి పక్కన కూసో. రోజూ ఒకటే తీరు: స్నానం, పాలు, దీపం తగ్గించుడు, ఒకటే పాట. పాలు తాగుతనే నిద్రపోయే అలవాటుంటే పాలను పాటకు ముందుకు జరుపు. పదిహేను రోజులు పడ్తది. మధ్యల జరమొస్తే మల్ల మొదటికొస్తది, అప్పుడు మనసు చెడగొట్టుకోవద్దు.

ఇంకోటి. తొమ్మిది పది నెలలకు "అమ్మ కనబడకపోయినా ఎక్కడ్నో ఉన్నది" అని సంటోళ్ళకు తెలుస్తది. తెల్సింది కాబట్టే ఏడుస్తరు. అంతకుముందు కనబడకపోతే లేనట్టే లెక్క. పగటిపూట కొంగు వెనక దాక్కొని దొంగాట ఆడున్రి, పోయినోళ్ళు మల్ల వస్తరని వానికి తెలుస్తది. పొద్దుగాల బ్యాంకుకు పోయేటప్పుడు దొంగచాటుగ జారుకోకు, టాటా చెప్పే పో. ఏడ్వనీ.

పానగల్లు_కోడలు
రోజు వెనక దర్వాజకెల్లే పోతున్న అక్కా... అత్తమ్మే అట్ల పొమ్మంటది.

వనపర్తి_వాణి
మా కవలలు ఎనిమిదో నెలల పుట్టిన్రు. ఏడాది నిండినా కూసొని ఉండుడే తప్ప లేసుడు లేదు, నాకు పిచ్చి లేసింది. డాక్టరమ్మ చెప్పింది, తొందరగ పుట్టినోళ్ళకు పుట్టాల్సిన తారీఖు నుంచి లెక్కపెట్టాల్నట, రెండేండ్లు నిండేదాక. ఆ లెక్కన వాళ్ళకు పది నెలలే. ఒకడు 14ల నడిచిండు, ఒకడు 16ల. ఒకే కడుపు, ఒకే పాలు, ఒకే బాలామృతం. ఇగ తోటికోడలు బిడ్డతోని పోలికేంది?

నకిరేకల్_నిమ్మకాయ
బాలామృతం అనంగ యాదికొచ్చింది. రెండున్నర కిలోల పాకిట్ నెలనెల అంగన్‌వాడీల ఇస్తరు, మా ఇంట్ల దాన్ని నేనే తింటున్న, లడ్డూలు గట్టి. మా బుడ్డది గుడ్డు ఒక్కటే తింటది.

దేవరకొండ_ఏఎన్ఎం
నెలకు 16 గుడ్లు గూడ ఆ పిల్లవే, లెక్క మాకు తెలుస్తది. దాని పాకిట్ దానికి పెట్టు తమ్మీ!

మర్రిగూడ_మాస్టారు
మాది మర్రిగూడ మండలం. మా మనుమరాలికి 11 నెలలు. నిలవడ్డప్పుడు రెండు కాళ్ళు విల్లులాగ వంగి ఉంటున్నాయి. మా ప్రాంతంలో కాళ్ళు వంకర అన్న మాట వింటేనే గుండె ఆగుతుంది. నా తరగతిలో నాతో చదువుకున్నవాళ్ళలో నడుము వంగిపోయినవాళ్ళు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నారు. నిద్ర సంగతి కాదు గానీ ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నాను.

దేవరకొండ_ఏఎన్ఎం
మాస్టారూ, ఆ భయం నాకు తెల్సు. ఏడాది పిల్లల కాళ్ళు అన్ని అట్లనే ఉంటయి, కడుపుల ముడుచుకొని పెరిగినవి కదా. నడుసుడు మొదలైనంక రెండేండ్ల లోపల సక్కగైతయి. మూడు నాలుగేండ్లకు మోకాళ్ళు లోపలికి ఒరిగినట్టు కనబడ్తయి, అప్పుడు మల్ల భయపడకున్రి, అది గూడ పోతది. ఫ్లోరైడ్ ఏండ్ల తరబడి ఆ నీళ్ళు తాగినోళ్ళ ఎముకలను పట్టింది. పాపకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళే కాచి ఇయ్యున్రి, పాత బోరు నీళ్ళతోని వంట గూడ వద్దు. ఒక్క కాలే వంగినా, రోజురోజుకు ఎక్కువైనా, మణికట్లు ఉబ్బినా చూపియ్యాలె. అది విటమిన్ డి తక్కువైతే వచ్చే రికెట్స్ గావొచ్చు. డి చుక్కలు ఏడాది దాక రోజుకు 400 యూనిట్లు పోస్తున్నరా?

మర్రిగూడ_మాస్టారు
పోస్తున్నాము. రెండు కాళ్ళూ సమానంగానే ఉన్నాయి. మీ మాటతో ఇవాళ అన్నం సహిస్తుంది.

నల్లగొండ_నైట్‌డ్యూటీ
మా వాడల మెడికల్ షాపాయన "రాత్రి అర చెంచా జలుబు సిరప్ పొయ్యి, పొద్దునదాక లేవడు" అన్నడు. ఎవరన్న పోసిన్రా? నేను నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పండుకోవాలె, మా పోరి పండనియ్యదు.

దేవరకొండ_ఏఎన్ఎం
పొయ్యకు. 2023 డిసెంబర్ల కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీసాల మీద రాయాలని ఉత్తర్వు ఇచ్చింది, మామూలు జలుబు సిరప్‌ల ఉండే ఆ జోడు మందు నాలుగేండ్ల లోపల పిల్లలకు వాడొద్దని. మత్తు నిద్ర వేరు, నిద్ర వేరు. ఊపిరి ఆగే ప్రమాదముంటది. ఆయన మాట విన్నందుకు నిన్నేం అనను, అమ్మినందుకు ఆయన్ను అంట.

కొల్లాపూర్_మామిడి
వాకర్ కొనాల్నా అని మా తమ్ముడు అడుగుతుండు.

జడ్చర్ల_డాడీ
వద్దు. కెనడాల 2004 నుంచి అమ్ముడే నిషేధం. మునివేళ్ళ మీద తన్నుకుంట తిరుగుతరు, నడక ముందుకు రాదు, ఇంక వెనక్కి పోతది. ఆ చక్రాలకు మెట్టు కనబడదు.

కొల్లాపూర్_మామిడి
మా ఇంటి ముంగట ఐదు మెట్లు. తమ్మునికి ఫోన్ చేస్తున్న.

పాలమూరు_పెద్దమ్మ
మూడు చక్రాల కట్టెబండి వేరు, దాన్ని వెనకకెల్లి నూకుకుంట పిల్లే నడుస్తది. అది మంచిది. గీ ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి తిప్పుడేంది?

దేవరకొండ_ఏఎన్ఎం
పెద్దమ్మ మాటకు నేను సై. బండి ముంగటికి ఉరకకుండ మీద ఒక ఇటుక పెట్టున్రి.

సూర్యాపేట_శైలు
నేను రెండు రోజుల నుంచి చదువుకుంట ఊకున్న. రాయాల్నా వద్దా అనుకున్న.

ఇక్కడ అందరు "ఏం గాదు, వస్తది" అంటున్నరు. నడక విషయంల సరే. మా బాబు 12 నెలలకే నడిచిండు. మస్తు బుద్ధిమంతుడు, పండబెడితే పండుకునేటోడు, కుక్కర్ విజిలేసినా లేవకపోయేటోడు. సుట్టాలందరు పుణ్యాత్మురాలివి అన్నరు. ఆరు నెలలప్పుడు "ఆ.. గ్గా.." అని మస్తు సప్పుడు చేసిండు, తర్వాత తర్వాత తగ్గిపోయింది. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయేటోడు, ఆటల పడ్డడు అనుకున్నం. 15 నెలలకు ఒక డాక్టరును అడిగితే "మగపిల్లలకు మాటలు లేటు, రెండేండ్లు ఆగున్రి" అన్నడు. ఆగినం. 20వ నెలల మా పెద్దత్త వాని వెనక ఇత్తడి తాంబాలం కింద పడేసింది, కావాల్ననే. మేమందరం ఉలిక్కిపడ్డం, వాడు బొమ్మలు పేర్చుకుంటనే ఉన్నడు.

కోఠి ఈఎన్‌టీ దవాఖానల పరీక్ష చేసిన్రు. రెండు చెవులు చాలవరకు వినబడయి. పుట్టిన నెల లోపల ఒక చిన్న పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల వినికిడి మిషన్ అని ఒక లెక్క ఉన్నదంట, నాకు 20వ నెలల చెప్పిన్రు. ఇప్పుడు ఆరేండ్లు. మిషన్ పెట్టుకొని బడికి పోతుండు, మాట్లాడ్తుండు, కొన్ని అక్షరాలు తేలిపోతయి. ఆ పద్నాలుగు నెలలు ఎవ్వరు వాపసు ఇయ్యరు.

కోదాడ చెల్లె, డీజేకు కదలకపోవుడు ఒక్కటే అయితె నేను అడగకపోదును. కొందరు పిల్లలకు మొద్దు నిద్రే. మీ పాప మెలకువున్నప్పుడు వెనకకెల్లి మెల్లగ పిలిస్తే తిరుగుతదా? అత్త, తాత, బాబ్బా, అసొంటి సప్పుళ్ళు చేస్తదా? "వద్దు" అంటే ఆగుతదా, మీ మొఖం చూడకుండనే?

జడ్చర్ల_డాడీ
నా ఎక్సెల్ల వినుడు గురించి గడే లేదు. నిద్ర గంటలు, పాలు, డైపర్లు, అన్ని ఉన్నయి.

దేవరకొండ_ఏఎన్ఎం
శైలు రాసింది అందరు చదవాలె. నడక ఆలస్యం అందరికి కనబడ్తది, వినకపోవుడు ఎవ్వరికి కనబడదు. మీకు ఇచ్చిన ఎంసీపీ కార్డు, అంటె తల్లీబిడ్డల కార్డు, టీకాల తేదీల కోసమే తీస్తరు, లోపల ఏ నెలకు ఏం చెయ్యాల్నో బొమ్మలేసి ఉన్నది. ఏడాది దగ్గర నేను చూసేటియి: పేరుకు తిరుగుడు, టాటా ఊపుడు, దాచిన వస్తువు ఎతుకుడు, బొటనవేలు చూపుడువేలుతోని మరమరం గింజ పట్టుడు, "అమ్మ" అసొంటి పిలుపు. వచ్చింది ఏదన్న పోయిందంటే, అంటె చేసేది చెయ్యుడు ఆపిందంటే, ఒక్క రోజు గూడ ఆగొద్దు. ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా దవాఖానలల్ల పిల్లల ఎదుగుదల చూసే కేంద్రాలు ఉన్నయి, పైసలు తీసుకోరు.

మిర్యాలగూడ_మామ
మా పోరడు మిల్లు బంద్ అయితే లేస్తడంటే నవ్వుకున్నం. ఇప్పుడు చూస్తే వానికి మంచిగ వినబడ్తుంది అన్నట్టు. మా ఆవిడ ఇది చదివి వాని వెనక గిన్నె పడేసింది, తిరిగి చూసిండు. నేను గూడ తిరిగి చూసిన.

పానగల్లు_కోడలు
నాలుగు రోజులైంది. తొట్టెల విప్పినం. అత్తమ్మ రెండు రోజులు నాతోని మాట్లాడలే, చీర మడతపెట్టి బీరువాల పెట్టింది, అది వాళ్ళమ్మదంట. మొదటి రాత్రి నరకం. పరుపు మీదికెల్లి గోడదాక దొర్లిండు. రెండో రాత్రి మామయ్య వచ్చి పక్కన కూసున్నడు, ఆయన వీపు తడ్తుంటే ఇద్దరు పండుకున్నరు. నిన్న రాత్రి 10:20కి పండుకొని 1:45 దాక లేవలే. నేనే భయపడి లేచి ముక్కు దగ్గర ఏలు పెట్టి చూసిన, దాంతోని లేచిండు.

టాటా చెప్పి పోతున్న. మొదటి రోజు ఏడ్చిండు, కౌంటర్ల నేను గూడ ఏడ్చిన. ఇయ్యాల చెయ్యి ఊపిండు, లోపలికి తిప్పుకొని, తనకు తనే టాటా చెప్పుకున్నట్టు. కూసునే ఆట గూడ ఆడిపిస్తున్నం. అంబాడుడు లేదు. వద్దు తియ్, పిర్రలే సాలు.

నకిరేకల్_నిమ్మకాయ
ముక్కు దగ్గర ఏలు పెట్టి లేపుడు మా ఇంట్ల గూడ ఆచారం.

పాలమూరు_పెద్దమ్మ
అత్తకు చెప్పు బిడ్డా, ఆ చీర పారేయకు అని. రెండోదానికి కట్టొచ్చు, బోర్లపడేదాక.

పానగల్లు_కోడలు
పెద్దమ్మా, మొదటోన్నే పండనియ్యున్రి ముందు.

కోదాడ_కొత్తమ్మ
రెండు రోజులు నేను ఇక్కడికి రాలే. శైలక్కా, మీరు రాసింది చదివి మస్తు కోపమొచ్చింది, నిజం చెప్తున్న. మా ఆయనకు చూపిచ్చిన, ఆయన గూడ తిట్టిండు. రాత్రి పాప ఆడుకుంటుంటే వెనక నిలవడి పిలిచిన. తిరగలే. చప్పట్లు కొట్టిన. తిరగలే. లైటు వేసిన, తిరిగి చూసి నవ్వింది. ఫ్యాను గాలికి నా కొంగు తగిలినా తిరిగింది. టాటా ఊపుతది, గింజలు ఏరుతది, ఆడుకుంటది, అన్ని మంచిగనే ఉన్నయి. పిలుపు ఒక్కటే.

చిన్నప్పుడు పరీక్ష చేసిన్రో లేదో కార్డుల రాయలే. నిన్న జిల్లా దవాఖానకు పోయినం. చెవుల గుబిలి లేదన్నరు, నెత్తికి తీగలు పెట్టి చేసే పరీక్ష రాయిచ్చిన్రు. బేరా అంటరంట. బేస్తవారం పొద్దుగాల కోఠికి రమ్మన్నరు.

సూర్యాపేట_శైలు
13 నెలలకు పోతున్నవు. నేను 20కి పోయిన. చెవి లోపల నీరు చేరినా వినబడదు, అది మందుతోని గూడ పోతది, ముందే ఏమీ అనుకోకు. బేస్తవారం నాకు సెలవు దొరుకుతది. మీ బస్సు సూర్యాపేట మీదికెల్లే కదా, కొత్త బస్టాండు కాడ నేను ఎక్కుత. నెంబరు విడిగ పంపిన, చూస్కో.

ఒక మాట. ఆ పరీక్ష పిల్ల నిద్రల ఉన్నప్పుడే చేస్తరు. ముందు రాత్రి లేటుగ పండబెట్టు, పొద్దుగాల నాలుగింటికే లేపు, బస్సుల పండనియ్యకు. అక్కడ పండుకోకపోతే మల్ల ఇంకో తారీఖు ఇస్తరు.

కోదాడ_కొత్తమ్మ
దీన్ని లేపుడు నాకు రాదక్కా, ఎన్నడు లేపలే. బస్సుల ఎట్ల పండకుండ చూడాలె?

పానగల్లు_కోడలు
మావోన్ని తీసుకపో చెల్లె, గంటకోసారి లేపుతడు.

మిర్యాలగూడ_మామ
సగం టికెటు గూడ లేదు వానికి.

సూర్యాపేట_శైలు
మురుకులు తెస్త. చేతుల ఒకటి పెడితే చప్పరిచ్చుకుంట మెలకువుంటది, చిన్న ముక్కలు నోట్ల పోకుండ నేను చూస్కుంట. పొద్దుగాల ఎన్ని గంటల బస్సు?